వగరు, కాస్త పొగరు

పుట్టి బుద్ధెరిగాక చుక్క ముట్టని మనిషిని వైన్ రుచి చూడమని కూర్చోబెట్టారంటే, కూర్చోబెట్టినవాళ్ళకైనా బుద్ధుండాలి, కూర్చున్నవాళ్ళకైనా ఉండాలి. మా ఇద్దరికీ లేకపోబట్టే ఆ ఏడు ఆ ఎర్ర వైన్ సీసాలకెక్కింది.

మేం చాలా ఏళ్ళు ఇంగ్లండులో, లండన్‌కి దగ్గర్లోని బ్రాక్‌నెల్‌లో ఉన్నాం. ఇద్దరివీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలే. నాది టెస్టింగ్. ఎవరో కట్టినదాంట్లో తప్పులు వెతికి చూపించే పని. నా నోటికి తగ్గ ఉద్యోగమే దొరికిందని మా ఆయన అనేవారు. అమ్మాయి చదువుకి బర్మింగ్‌హామ్ వెళ్ళిపోయాక, ఆయన్ని వారానికొక్కరోజు ఆఫీసుకొస్తే చాలన్నాక, డార్సెట్‌లో సముద్రం పక్కనే చిన్న ఇల్లు కొన్నాం. ఆయనది చీరాల. అలల చప్పుడు వినపడకపోతే ఆయనకి తోచదు. నాది పిడుగురాళ్ల. మాకు అలలూ లేవు, ఇసకా లేదు, ఉన్నదల్లా సున్నపురాయి, సున్నపు బట్టీలు. ఈ ఊళ్ళో దిగిన రోజున వీధి చివర రాతిగోడ మీద చెయ్యి పెడితే అరచేతికి తెల్లటి పొడి అంటింది. "మీకు సముద్రం, నాకు రాళ్ళు. ఎవరి పుట్టిల్లు వాళ్ళకి దొరికింది," అన్నాను.

ఇల్లు మారిన కొన్ని నెలలకే మా టీమ్ మొత్తాన్నీ తీసేశారు. ఇంట్లో కూర్చుని వేరే ఉద్యోగాలకి అప్లై చేసి చేసి విసుగెత్తింది. ఊరి బయట, సముద్రం వైపు వాలిన కొండ మీద ఒక ద్రాక్షతోట ఉంది. అక్కడి షాపులో పార్ట్‌టైమ్ మనిషి కావాలని పోస్టాఫీసు కిటికీలో కాగితం కనిపిస్తే నడుచుకుంటూ వెళ్ళాను. సీసాలకి లేబుళ్ళు అంటించడం, వచ్చినవాళ్ళకి అమ్మడం, గ్లాసులు కడగడం. నాకు వైన్ గురించి ఏమీ తెలియదని ముందే చెప్పేశాను.

"తెలిసినవాళ్ళు మాట్లాడుతూ కూర్చుంటారు, తెలియనివాళ్ళు అమ్ముతారు," అంది తోట యజమానురాలు. ఆ ఒక్క మాటకే నాకావిడ నచ్చింది.

ఆవిడకి డెబ్బై దాటాయి. ఈ దేశంలో పెద్దా చిన్నా లేకుండా అందర్నీ పేరు పెట్టి పిలుస్తారు. ఇన్నేళ్ళున్నా నాకు ఆ నోరు రాలేదు. చేరిన కొత్తలో ఒకసారి పీపాల గదిలోంచి ఆవిడని పిలవాల్సొచ్చి, "ఆంటీ" అనేశాను. ఆవిడ వెనక్కి తిరిగి చూసింది.

"నాకున్నది ఒక్క మేనల్లుడు. వాడితోనే వేగలేకపోతున్నాను. నువ్వెప్పుడు పుట్టావు?"

మా దగ్గర పెద్దవాళ్ళని అలాగే అంటామని చెప్పాను. ఆవిడ మాట్లాడేదంతా ఇంగ్లీషే, నాకు గుర్తుండిపోయింది మాత్రం తెలుగులోనే. ఆ తర్వాత నేను పిలవడం మానలేదు, ఆవిడ మానమనలేదు.

సీసా వెనక 'బయోడైనమిక్' అని రాసుంటుంది. అదేమిటని కొనేవాళ్ళు అడుగుతారు కదా, ఆంటీ దగ్గర నేర్చుకున్నాను. తోటకి పురుగుమందులూ, బస్తా ఎరువులూ వేయరు. చలికాలం ముందు ఆవుకొమ్ములో ఆవుపేడ కూరి నేలలో పాతిపెడతారు. వసంతంలో తవ్వి తీసి, ఆ పేడని కాస్తంత నీళ్ళలో వేసి, ఓసారి కుడికీ ఓసారి ఎడమకీ కవ్వం తిప్పినట్టు తిప్పి తోటంతా చల్లుతారు. గోడకి ఒక పంచాంగం వేలాడుతుంటుంది. చంద్రుడు ఎక్కడున్నాడో చూసి, ఇది వేరు రోజు, ఇది ఆకు రోజు, ఇది పండు రోజు అని అది చెబుతుంది. వైన్ రుచి చూడాలన్నా పండు రోజే చూడాలి. వేరు రోజున వైన్ ముడుచుకుపోతుందని ఆంటీ నమ్మకం. నేను నవ్వలేకపోయాను. వర్జ్యం చూడందే మా అమ్మ ఊరగాయ జాడీ మీద చెయ్యి వేసేది కాదు, ఇక నవ్వడానికి నాకు మొహమేది. హారోలో ఉండే నా స్నేహితురాలు మాత్రం ఫోనులో పగలబడి నవ్వింది.

"పేడ కలపడానికటే నువ్వు ఇంగ్లండు దాకా వచ్చింది? ఆ పనేదో పిడుగురాళ్లలోనే చేసుకోవచ్చుగా," అంది.

అక్కడి నేల చూస్తే నాకు నిజంగా పిడుగురాళ్లే గుర్తొచ్చేది. తవ్విన చోటల్లా సున్నపురాయి. ఎప్పుడో సముద్రం అడుగున ఉన్న రాయి కాబట్టి చిన్న చిన్న గవ్వలు అతుక్కుని బయటికొస్తాయి. గాలి గట్టిగా వీచిన రోజున ద్రాక్షాకు నాలిక్కి తగిలిస్తే ఉప్పగా ఉంటుంది. ఆ సున్నం, ఆ ఉప్పు లేకపోతే తన వైన్ లేదనేది ఆంటీ.

తోటలో చాలా భాగం తెల్లద్రాక్ష. బుడగలొచ్చే వైన్‌కి పోతుంది, అమ్ముడయ్యేదీ అదే. పై వాలులో మాత్రం ఎర్రద్రాక్ష. అవి ఆంటీ, చనిపోయిన ఆవిడ భర్త, ఇద్దరూ ఆ రాళ్ళలో గడ్డపారలతో గుంటలు తీసి నాటిన తీగలు. ఇంత చలిలో ఎర్రది పండించడమే మొండిపని. మూడు రకాలు నాటారు. పీనో, రీజెంట్, రోండో. మూడింటినీ విడివిడిగా పులియబెట్టి, విడివిడి పీపాల్లో ఉంచి, వసంతంలో ఏది ఎంత పాలో తేల్చి కలుపుతారు. ఎన్నేళ్ళుగానో ఆ పాళ్ళు చెప్పింది ఆంటీ ముక్కే.

ఆ ముక్కు పోయింది. నేను చేరడానికి ముందటి చలికాలంలో ఆవిడకి జ్వరమొచ్చి తగ్గింది. పోయిన వాసన మాత్రం తిరిగి రాలేదు. ఒక డాక్టరు వస్తుందన్నాడు, ఇంకో డాక్టరు రాకపోవచ్చన్నాడు. ఆవిడ ఎవరికీ చెప్పలేదు. ఆ వసంతంలో జ్ఞాపకం మీద పాళ్ళు కలిపేసింది. ఒక పీపా చెడిపోయి ఉందన్న సంగతి ఆవిడకి తెలియలేదు. సీసాలు బయటికెళ్ళాక ఒక్కో రెస్టారెంటూ తిప్పి పంపింది. అప్పుడు బయటపడింది.

మేనల్లుడంటే ఆవిడ అన్న కొడుకు. నలభై దాటిన మనిషి. తోటలో సగం తండ్రి ద్వారా అతనికి వచ్చింది. ట్రాక్టరు పనీ, కూలీల పనీ, బ్యాంకు పనీ అన్నీ అతనే చూసేవాడు. చెడ్డవాడు కాదు. అత్తకి వానలో గొడుగు పట్టి కారు దాకా తీసుకెళ్ళేవాడు. కాకపోతే ఏం మాట్లాడినా గడ్డం పైకెత్తి, ఇక దీనిమీద మాట లేదన్నట్టు మాట్లాడతాడు. ఆ గడ్డం లేస్తే నాకు ఒళ్ళు మండేది.

ఒకరోజు అతను అత్తతో నా ఎదుటే అన్నాడు. "ఇంకొక్క ఏడాది చూద్దాం. ఈసారి నీ చేత్తో ఎర్రది కుదిరిందా, ఉంచేద్దాం. కుదరకపోతే పై వాలు పీకించి తెల్లవి నాటిస్తాను."

ఆంటీ సరేనంది. మర్నాటికల్లా పై వాలులో ప్రతి వరస చివరి గుంజకీ పసుపు టేపు కట్టి ఉంది. ఏ వరసలు పీకాలో యంత్రం నడిపేవాడికి గుర్తట. పీపాల గది కిటికీలోంచి చూస్తే ఆ టేపులు గాలికి కొట్టుకుంటూ కనిపించేవి. ఆంటీ ఆ కిటికీకి వీపు పెట్టి కూర్చునేది.

నన్ను ఇందులోకి లాగింది నా ముక్కే. ఒకరోజు పీపాల మధ్య నేల తుడుస్తూ, "ఇక్కడేదో తడిసిన గోనెసంచి వాసనొస్తోంది," అన్నాను. ఆంటీ చేతిలో పని ఆపేసింది. మేనల్లుణ్ణి పిలిపించి వాసన చూడమంది. అతను ముందు లేదన్నాడు, మళ్ళీ చూసి ఉందన్నాడు. ఆ పీపా పక్కకి తీయించారు. ఆ సాయంత్రం ఆంటీ నాకు టీ ఇచ్చి ఎదురుగా కూర్చుంది.

"నాకు నాలుకుంది, ముక్కు లేదు. వసంతంలో కలిపేటప్పుడు నువ్వు నా పక్కన కూర్చోవాలి."

"నేను తాగనాంటీ."

"తాగేదెవరు? నోట్లో తిప్పి ఉమ్మేస్తాం."

ఇంటికెళ్ళి చెబితే మా ఆయన పప్పన్నంలో ఆవకాయ కలుపుకుంటూ నిదానంగా విన్నారు. "ఉమ్మేస్తే లెక్కలోకి రాదా? అట్టయితే ఏకాదశి నాడు అన్నం నమిలి ఉమ్మేస్తే ఉపవాసం నిలుస్తదా?"

"మీ ఇంట్లో ఉపవాసమంటేనే నెయ్యేసిన ఉప్మా. మీరా నాకు చెప్పేది?" అన్నాను. ఆయన ఇంకో ముద్ద కలుపుకున్నారు. అమ్మాయి మాత్రం ఫోనులో, "మమ్, దట్స్ యాక్చువల్లీ బ్రిలియంట్," అని తెగ సంబరపడింది.

పంచాంగంలో పండు రోజు వచ్చింది. ఆంటీ బల్ల మీద తెల్లగుడ్డ పరిచింది. మూడు పీపాల్లోంచి మూడు సీసాల్లోకి వైన్ తీసి, కొలతగొట్టంతో పాళ్ళు కలిపి, ఒక్క గ్లాసులో పోసింది. అలవాటు కొద్దీ ముక్కు దగ్గర పెట్టుకుంది. ఓ గుక్క నోట్లో తిప్పి బకెట్‌లో ఉమ్మి, అదే గ్లాసు నా చేతికిచ్చింది.

"నాకింకో గ్లాసు తెచ్చుకోనా?" అన్నాను.

"రెండు గ్లాసుల్లో పోస్తే రెండు వైన్‌లవుతాయి. ఇద్దరం ఒకదాన్నే చూడాలి," అంది.

ఎంగిలి. గ్లాసు అంచున ఆవిడ పెదాల గుర్తు కనబడుతూనే ఉంది. మా ఆయన తాగిన కప్పు కూడా కడగందే ముట్టను నేను. వద్దంటే ఆవిడేమనుకుంటుందో. ఏం చేయాలో తోచక, చిన్నప్పటి నుంచి నేర్చిందే చేశాను. గ్లాసు పైకెత్తి, తల వెనక్కి వాల్చి, పెదాలకి తగలకుండా నోట్లోకి వంచాను. మంచినీళ్ళ చెంబుతో అయితే ఒక్క చుక్క ఒలకదు నాకు. వైన్ గ్లాసు మూతి లోపలికి వంగి ఉంటుంది, అందులోంచి ధార రాదు, ఒక్కసారిగా దూకుతుంది. సగం నోట్లో పడింది, సగం మెడ మీదుగా స్వెట్టర్లోకి పోయింది. పొలమారి దగ్గుతుంటే మేనల్లుడు తలుపు తీసుకుని లోపలికొచ్చాడు.

గడ్డం లేచింది. "ముక్కు కోసం పెట్టుకున్న మనిషి ముక్కుని గ్లాసు దరిదాపులకే రానివ్వడం లేదు," అని, కావలసిందేదో తీసుకుని వెళ్ళిపోయాడు. అతనన్నది నిజమే. నిజం కాబట్టి ఇంకా మండింది.

తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ ఆంటీకి ఎంగిలి గురించి చెప్పాను. "నా నోరు శుభ్రంగా లేదనా?" అంది.

"అది కాదాంటీ. మహారాజు నోరైనా అంతే. కడుపున పుట్టినవాళ్ళదైతే పట్టింపు లేదు."

ఆవిడకి పిల్లలు లేరు. నేను అనకుండా ఉండాల్సింది అనుకున్నాను. ఆవిడే మళ్ళీ అంది. "సరే. పడిందంతా మెడ మీద కాదుగా. నోట్లో పడింది ఏం చెప్పింది?"

"వగరుగా ఉంది," అన్నాను తెలుగులోనే. ఇంగ్లీషులో దానికేమంటారో తట్టలేదు. చేదు కాదు, పులుపు కాదు. జామపిందె కొరికితే, పచ్చి అరటికాయ ముక్క నమిలితే చిగుళ్ళూ బుగ్గలూ లోపలికి లాక్కుపోతాయే, అది. చేతులు తిప్పి, బుగ్గలు లోపలికి పీల్చి చూపించాను.

"మేం టానిన్ అంటాం," అంది ఆంటీ. మళ్ళీ తల అడ్డంగా ఊపింది. "కాదు. అది వైన్‌లో ఉండేదాని పేరు. నీ మాట నోట్లో జరిగేదాని పేరు. మా పుస్తకాల్లోనూ ఒక పెద్ద మాటుంది కానీ ఎవరూ అనరు."

గ్లాసు అందుకుని ఇంకో గుక్క తీసుకుంది. ఈసారి ముక్కు దగ్గరికి తీసుకెళ్ళలేదు. చాలాసేపు నోట్లో ఉంచుకుని కళ్ళు మూసుకుంది. ఉమ్మాక, "ఇది వాసన కాదు. ఇది నాకు పోలేదు," అంది. వాసన పోయిన దగ్గర్నుంచీ ఆవిడ ఏది నోట్లో పోసుకున్నా లేనిదాన్నే వెతుక్కుంటోంది. లేదని తేల్చుకుని ఉమ్మేస్తోంది. ఉన్నదాని వంక చూడనేలేదు. ఆ మాట ఆవిడే నాతో అంది.

మర్నాడు నేను సంచీ నింపుకుని వెళ్ళాను. ఇంట్లో ఉన్న వక్క, వక్కపొడి, బోర్న్‌మత్‌లో ఇండియన్ షాపు నుంచి తెచ్చిన అరటికాయ, ఫ్రీజర్లో గడ్డకట్టిన ఉసిరికాయలు, నేరేడుపళ్ళు. ఒక్కోటీ నమిలించాను. నేరేడు వగరు నాలుక మీదే ఉండిపోతుంది. అరటికాయది బుగ్గలకి పడుతుంది. వక్కది చిగుళ్ళని పట్టుకుని వదలదు. ఉసిరికాయ తిన్నాక మంచినీళ్ళు తాగమన్నాను. నీళ్ళు తియ్యగా తగిలేసరికి ఆవిడ గ్లాసులోకి తొంగి చూసింది, ఎవరైనా పంచదార కలిపారేమోనని. అంత నవ్వు ఆవిడ మొహంలో నేను అంతకుముందు చూడలేదు.

మా అమ్మమ్మ తాంబూలం సంగతి కూడా అప్పుడే చెప్పాను. సున్నం మా ఊరిదే. ఆకు కారం, వక్క వగరు, కాచుకి రంగూ వగరూ రెండూ. సున్నం ఎక్కువైతే నోరు పొక్కుతుంది, తక్కువైతే పండదు. పాళ్ళు చేతికి కాదు, నాలిక్కి తెలియాలనేది అమ్మమ్మ. ఆంటీ ఎదురుగా ఉన్న మూడు సీసాలనీ చూసి, వీటిలో ఏది ఏదని అడిగింది. పీనో పల్చన, సువాసన దానిది, కాబట్టి ఆకు. రీజెంట్ వక్క. ముదురు రంగు రోండో కాచు. "సున్నం?" అంది. కాలితో నేల చూపించాను. ఆ రోజు నుంచి మా ఇద్దరి మధ్యా పీనో, రీజెంట్ అన్న పేర్లు పోయాయి. "వాక్కా కొంచెం పెంచు," అనేది ఆవిడ దీర్ఘం తీసి.

ఎంగిలి పేచీ కూడా ఆవిడే తెంచింది. గ్లాసు ముందు నాకిచ్చేది. నేను చూశాక తను చూసేది. నా ఎంగిలి ఆవిడకి పట్టింపు లేదు కదా. ఇంత చిన్న ఉపాయం నాకెందుకు తట్టలేదో తెలియదు. ముక్కు గ్లాసులో పెట్టి వాసన చూడటం అలా నేర్చుకున్నాను. కానీ నా ముక్కు వల్ల ఒరిగింది తక్కువే. వయలెట్ పూల వాసనుందా, సెడార్ చెక్క వాసనుందా అని ఆవిడ అడిగేది. ఆ పూలు నేనెప్పుడు చూశాను గనక? నాకు తోచిన వాసనలు చెబుదామంటే అవి ఆవిడకి తెలియవు. కాబట్టి వైన్ చెడిందా, బాగుందా అన్న కాపలా వరకే నా ముక్కు. మిగతాదంతా ఆవిడ నోరు.

పాళ్ళ దగ్గర మేం పోట్లాడుకున్నాం కూడా. నాకు ఆకు ఎక్కువ వేసి, మెత్తగా జారిపోయేది నచ్చింది. ఆంటీ ససేమిరా అంది. "అందరికీ నచ్చేది అమ్ముకోవడానికి వాడి తెల్లది ఉందిగా. ఇది ఆ రాళ్ళలోంచి వచ్చింది. రాయి తగలాలి." పండు రోజు వచ్చినప్పుడల్లా ఒక పాలు కలపడం, పక్కన పెట్టడం, మళ్ళీ చూడటం, పారబోయడం.

ఒక మధ్యాహ్నం మేనల్లుడు తలుపు దగ్గర నిలబడి, సీసాలకి ఆర్డరివ్వాలి, మీ వంట ఇంకెన్నాళ్ళని అడిగాడు. వంటట. అతను అటు వెళ్ళగానే మా ఆయన దగ్గర్నుంచి ఫోనొచ్చింది. "ఆ అబ్బాయికి ఎంత పొగరండీ. గడ్డం దించి మాట్లాడితే సొమ్మేం పోతుందో," అన్నాను. ఫోను పెట్టి చూస్తే ఆంటీ నన్నే చూస్తోంది.

"పొగరు. అది వగరు లాంటిదా?"

దొరికిపోయాను. "ఆ, అలాంటిదే. వగరుకి వేలు విడిచిన చుట్టం," అన్నాను. "వగరు తర్వాత వచ్చి, చివర్లో కాస్త నిలబడేది."

ఇక చూడండి. ప్రతి గుక్కకీ అదే. "దీంట్లో వగరుంది, పొగరు లేదు." "ఇది బాగుంది, ఇంకొంచెం పొగరు కావాలి." నేను నవ్వాపుకోలేక బకెట్ కడిగే నెపంతో బయటికెళ్ళేదాన్ని. నాలుగైదుసార్లయ్యాక నవ్వు రావడం మానేసింది. ఆవిడ పొగరు లేదన్న పాలు నిజంగానే చప్పబడి ఉండేవి.

ఆఖరికి ఒక పాలు దగ్గర ఆంటీ ఆగింది. ఇంక మార్చనంది. మేనల్లుణ్ణి పిలిచింది. ఆ రోజు ఆవిడ పంచాంగంలో పండు రోజు. నా ఫోనులో పంచాంగం చూస్తే అమావాస్య. నోరు మూసుకుని ఊరుకున్నాను.

అతను వచ్చి ఆవిడకి ఎదురుగా, కిటికీ కనపడేలా కూర్చున్నాడు. ఆంటీ ముందు తను ఒక గుక్క చూసి గ్లాసు అతనికిచ్చింది. అతను చాలాసేపు వాసన చూశాడు. తర్వాత నోట్లో తిప్పి ఉమ్మాడు. మళ్ళీ వాసన చూశాడు.

"నీ పాత వైన్‌లా లేదు," అన్నాడు. "అవి గ్లాసు ఎత్తేలోపే వాసనతో పలకరించేవి. ఇది ముక్కుకి పెద్దగా ఏం చెప్పడం లేదు."

"చెప్పదు. నాకు ముక్కు లేదు. ఇది నోటితో చేసింది."

అతను ఇంకోసారి నోట్లో పోసుకున్నాడు. "చివర్న పట్టుకుంటోంది."

"అది వగరు," అంది ఆంటీ, తెలుగులో. "దాని తర్వాత వచ్చేది పొగరు."

ఒక్క అక్షరం తప్పు పోలేదు. నా పైప్రాణాలు పైనే పోయాయి. అతను నా వైపు తిరిగాడు. "పొగరంటే ఏమిటి?"

అబద్ధం నాలుక చివరి దాకా వచ్చింది. ఒకసారి ఆడాను కూడా. కానీ ఆంటీ నమ్మకంగా నా వంక చూస్తోంది, కిటికీలో ఆ టేపులు కొట్టుకుంటున్నాయి. ఆవిడ అన్నేళ్ళ పనికి ఆఖరి మాట నా బొంకు కావడం నాకు నచ్చలేదు.

"ఎవరేమన్నా తల దించకపోవడం," అన్నాను. "మా భాషలో అది తిట్టు. మీ గురించే అన్నాను. ఆంటీ విని అడిగితే రుచి పేరని చెప్పాను. ఆవిడ వైన్‌కి పెట్టింది."

ముందు నవ్వింది ఆంటీ. "అయితే సరైన మాటే వాడాను. వీడి తండ్రికి ఉండేది, నాకుంది, వీడికుంది. వైన్‌కి రాకుండా ఎక్కడికి పోతుంది?"

అతను నవ్వలేదు. గ్లాసులోకి చూశాడు. ఇంకో గుక్క తాగాడు, ఈసారి ఉమ్మలేదు. గ్లాసు బల్ల మీద పెట్టి, కుర్చీ వెనక్కి తోసి బయటికెళ్ళిపోయాడు.

అయిపోయిందనుకున్నాను. నా నోటి దూల వల్ల ఆవిడ భర్తతో కలిసి నాటిన తోట పోయిందనుకున్నాను. ఆంటీ కిటికీకి వీపు పెట్టి, రెండు చేతులూ తెల్లగుడ్డ మీద పెట్టుకుని కూర్చుంది.

అతను కొండ ఎక్కుతున్నాడు. మొదటి గుంజ దగ్గర ఆగి వంగాడు. లేచి రెండో గుంజ దగ్గరికెళ్ళి మళ్ళీ వంగాడు. ఏం చేస్తున్నాడో మూడో గుంజ దగ్గర గానీ నాకర్థం కాలేదు. టేపు విప్పి చేతికి చుట్టుకుంటున్నాడు.

"ఆంటీ, వెనక్కి చూడండి," అన్నాను.

ఆవిడ కుర్చీలోనే తిరిగి చూసింది. అతను వరస చివరి దాకా వెళ్ళేవరకూ చూసింది. నాకు ఏడుపొచ్చింది. ఆవిడ ఏడవలేదు. ముందుకి తిరిగి, బల్ల మీదున్న గ్లాసు నా వైపు జరిపింది.

"ముక్కేమంటోందో చెప్పు. పూలూ, చెక్కలూ వద్దు. నీకు తెలిసినవే చెప్పు."

ఆ గ్లాసు ఆవిడ తాగింది, అతను తాగింది. అంచున ఇద్దరి పెదాల గుర్తులూ ఉన్నాయి. ముక్కంతా గ్లాసులో పెట్టి వాసన చూశాను. పెదాలు ఆనించి తాగాను. మింగేశాను కూడా. బకెట్ కాలి దగ్గరే ఉంది.

"మూత తీసిన మా అమ్మమ్మ తాంబూలం పెట్టె," అన్నాను. "కొత్త చింతపండు. ఎండాకాలంలో మా ఇంటి ముందు నాపరాళ్ళ మీద మొదటి వాన పడితే వచ్చే వాసన."

ఆంటీ కళ్ళు మూసుకుని వింది.

"ఇవేవీ నేనెప్పుడూ వాసన చూడలేదు," అంది.

"అవునాంటీ."

"అయితే ఇవి నేను పోగొట్టుకున్నవి కావు. మళ్ళీ చెప్పు."